తెగిన లింకులను తీసేసే ముందు: ఓపెన్ సోర్స్ డాక్యుమెంటేషన్ గురించి ఒక సమాధానం

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా చెబుతాను. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులలో ఉప్పదనం, పీహెచ్, కరిగిన ఆక్సిజన్ అంకెలను నమోదు చేసే ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రామును మీరిద్దరు మిత్రులు చదువుకుంటూనే మూడేళ్లుగా నడుపుతున్నారు. దాని డాక్యుమెంటేషన్‌ను (వాడుక వివరాల పేజీలను), సాదా పాఠ్యం ఫైళ్ల నుంచి సైటు తయారుచేసే ఎంకేడాక్స్‌తో ఇంగ్లీషులోను తెలుగులోను తయారుచేసి, సైట్లను నిలిపి చూపే గిట్‌హబ్ పేజెస్‌లో ఉంచారు. మొన్న మొదటిసారి లింకు చెకర్ (లింకులు తెరుచుకుంటున్నాయో లేదో చూసే ప్రోగ్రాము) నడిపితే సుమారు నాలుగు వందల లింకులలో వందకు పైగా ఎర్రగా, అంటే తెగినట్టుగా వచ్చాయి. వాటన్నిటినీ ఒకే కమిట్‌తో (నమోదైన ఒక్క మార్పుతో) తీసేయవచ్చా, ఇకముందు ఇలా కాకుండా ఏం చేయాలి అని అడిగారు. పేజీలను కొత్త ఫోల్డర్లలోకి సర్దే ఆలోచన ఉందని చివరలో ఒక్క మాట రాశారు. నా దృష్టిలో అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైనది ఆ చివరి మాటే, దాని గురించి కింద వివరంగా రాస్తాను.

తీసేయవద్దండి, కనీసం ఇప్పుడే వద్దు. నేను అమలాపురంలో ఉంటూ పన్నెండేళ్లకు పైగా రెండు మూడు ప్రాజెక్టుల డాక్యుమెంటేషన్ చూసుకుంటున్నాను. చెకర్ ఎర్రగా చూపిన లింకులలో కొన్ని నిజానికి చక్కగా పనిచేస్తుంటాయని, ఆకుపచ్చగా చూపిన వాటిలో కొన్ని ఎప్పుడో చచ్చిపోయి ఉంటాయని ఈ కాలంలో అనేకసార్లు చూశాను. అంతకన్నా ముఖ్యమైనది, ప్రతి లింకు తానున్న వాక్యంలో ఏదో ఒక పని చేస్తుంటుంది. ఆ పని ఏమిటో చూడకుండా లింకును మాత్రం పీకేస్తే వాక్యం అక్కడే ఉంటుంది కాని పాఠకుడికి అందవలసిన సంగతి అందదు.

మీ పాఠకుడు ఎవరో ఒకసారి తలచుకోండి. చెరువు నీటిలోని ప్లాంక్టన్ రాత్రంతా ఆక్సిజన్‌ను వాడుకుంటుంది కనుక డీఓ (కరిగిన ఆక్సిజన్) తెల్లవారుజామున బాగా తగ్గిపోతుంది. ఆకివీడు వైపో మొగల్తూరు వైపో ఒక రైతు కొడుకు మూడు గంటలప్పుడు ఫోనులో మీ ప్రోగ్రాము హెచ్చరిక చూస్తాడు. ఏరేటర్లు అన్నీ తిరుగుతున్నా అంకె పెరగడం లేదు. నీటిలోనే ఆక్సిజన్ లేదా, లేక సెన్సర్ తప్పు చూపుతోందా అన్నది అతను ఆ నిమిషంలో తేల్చుకోవాలి. మీ పేజీలో “సెన్సర్ సరిచూసే విధానం ఇక్కడ” అన్నచోట నొక్కితే 404, అంటే పేజీ లేదన్న జవాబు వచ్చిందనుకోండి. ఆ లింకును మీరు ముందే తీసేసి ఉన్నా అతనికి ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే అతనికి కావలసింది ఆ విధానం. మీ జాబితాలోని ప్రతి ఎర్ర గీతనూ ఈ కుర్రవాడి కళ్లతో చూడగలిగితే ఏది ముందు బాగుచేయాలో మీకే తెలుస్తుంది.

ఇన్ని తెగిపోయాయని బాధపడకండి. 2024లో ప్యూ రీసెర్చ్ సెంటర్ ప్రచురించిన పరిశీలనలో, 2013 నాటికి ఉన్న వెబ్ పేజీలలో 38 శాతం పదేళ్ల తరువాత అందుబాటులో లేవని తేలింది. ఓపెన్ సోర్స్ వారికి ఇది మరీ దగ్గరి సంగతి. ప్రాజెక్టులు తమ కోడ్ ఉంచుకునే గూగుల్ కోడ్‌ను మూసేస్తున్నట్టు 2015 మార్చిలో ప్రకటించి 2016 జనవరిలో మూశారు. అలాంటిదే అయిన గిటోరియస్ 2015లోనే మూతపడింది. ఫ్రీనోడ్ అనే చాట్ సేవలో ఉన్న ప్రాజెక్టులు అనేకం 2021 మే నెలలో లిబెరా చాట్‌కు తరలివెళ్లాయి. ఆ ఒక్కొక్క మార్పుతో ఎన్నో ప్రాజెక్టుల సహాయ పేజీలు ఒక్కసారిగా పాతబడిపోయాయి.

ఇక పనిలోకి వద్దాం. మొదట ఎర్రగా వచ్చినవాటిని సర్వర్ ఇచ్చిన జవాబు అంకెను బట్టి విడదీయండి. 404 అంటే ఆ పేజీ అక్కడ లేదు. 410 అంటే కావాలనే శాశ్వతంగా తీసేశారు. ఈ రెండింటినీ నమ్మవచ్చు. 403 అంటే అనుమతి లేదని, 429 అంటే తక్కువ సమయంలో ఎక్కువసార్లు అడిగారని అర్థం. ఈ రెండూ లింకు గురించి కన్నా చెకర్ గురించే ఎక్కువ చెబుతాయి. బ్రౌజర్ కాని యంత్రం అడిగిందని గుర్తుపట్టి సర్వర్ తలుపు వేసేసి ఉండవచ్చు. జవాబే రాకుండా సమయం దాటిపోయినవాటిని రెండు మూడు రోజుల తేడాతో మళ్లీ నడిపి చూడకుండా ముట్టుకోకండి.

ఈ విషయంలో నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. ఒక ప్రభుత్వ కార్యాలయం సైటులోని ఉత్తర్వుల పీడీఎఫ్‌లకు మా పేజీలలో లింకులు ఉండేవి. అవి వారం వారం ఎర్రగా వస్తున్నాయని విసిగిపోయి ఒకరోజు అన్నిటినీ తీసేశాను. కొన్నాళ్లకు రాజోలు నుంచి ఒక పాఠకుడు ఆ ఉత్తర్వులు ఎందుకు తీసేశారని, తన ఫోనులో అవి ఎప్పుడూ తెరుచుకుంటూనే ఉన్నాయని రాశారు. చూస్తే మా చెకర్ నడుస్తున్న యంత్రం విదేశంలో ఉంది. మన దేశపు సైట్లలో కొన్ని విదేశాల నుంచి వచ్చే అభ్యర్థనలను లోపలికి రానివ్వవు. మా పాఠకులందరికీ పనిచేస్తున్న లింకులను, ఎక్కడో ఉన్న ఒక యంత్రానికి తెరుచుకోలేదని నేను తెంపేశాను. అప్పటి నుంచి ఏ లింకునైనా తీసే ముందు మా ఇంటి కనెక్షన్ మీద ఒకసారి, ఫోను డేటా మీద ఒకసారి చేత్తో తెరిచి చూస్తాను. మీ జాబితాలోని ప్రభుత్వ చిరునామాలన్నిటికీ ఈ పరీక్ష పెట్టండి. ఎర్రగా వస్తున్నా పనిచేస్తున్నవాటిని చెకర్ వదిలేయవలసిన జాబితాలో చేర్చండి, కాని పక్కనే కారణమూ తేదీ రాయండి. కారణం లేని మినహాయింపు రెండేళ్లు గడిచేసరికి ఎవరూ ముట్టుకోవడానికి సాహసించని వరుసగా మారి, దాని వెనుక నిజంగా తెగిన లింకులు దాక్కుంటాయి.

ఆకుపచ్చ వాటినీ పూర్తిగా నమ్మవద్దన్నాను. ఒక సైటు పాత పేజీలన్నిటినీ తన మొదటి పేజీకి మళ్లిస్తే చెకర్‌కు 200, అంటే అంతా సరే అనే జవాబే అందుతుంది. మీ పాఠకుడు మాత్రం సెన్సర్ విధానం కోసం వెళ్లి కంపెనీ ప్రకటనల ముందు నిలబడతాడు. డొమైన్ గడువు తీరి వేరొకరి చేతికి వెళ్లినా అంతే. ఇది అసౌకర్యంతో ఆగకపోవచ్చు. అనేక సైట్లు వాడుతూ వచ్చిన పాలీఫిల్ డాట్ ఐఓ అనే డొమైను 2024లో చేతులు మారాక, ఆ ఏడాది జూన్‌లో అక్కడి నుంచి హానికరమైన కోడ్ పంపిణీ అయింది. మీ ఇన్‌స్టలేషన్ పేజీలో “ఈ చిరునామా నుంచి స్క్రిప్టు దింపి నడపండి” అనే వరుసలు ఏవైనా ఉంటే వాటిని మిగిలిన లింకులతో కలిపి చూడకండి. ఆ డొమైను ఎవరిదో, ఇప్పటికీ వారిదేనా అన్నది ఈ రోజే చూడండి.

నిజంగా పోయినవి తేలాక ఒక్కొక్కదానినీ ఆ వాక్యంతో కలిపి చదవండి. పేజీ వేరే చోటికి మారి ఉంటే కొత్త చిరునామా పెట్టడమే, దాని గురించి చెప్పడానికేమీ లేదు. “ఇంకా తెలుసుకోవాలంటే” అని అలంకారానికి పెట్టిన లింకులైతే వాక్యంతో సహా తీసేయండి. అలాంటివి మొదట పెట్టకుండా ఉండడమే మంచిది, ఎందుకంటే పెట్టిన ప్రతి లింకునూ ఎవరో ఒకరు జీవితాంతం చూసుకోవాలి. మిగిలేవి అసలైనవి, అంటే ఆ సంగతి లేకపోతే పాఠకుడి పని ఆగిపోయేవి. వాటి విషయంలో నా సలహా ఒక్కటే: ఆ సంగతిని మీ మాటలలో మీ పేజీలోనే రాయండి. సెన్సర్ తయారీదారులు పాత మోడల్ ఆగిపోగానే దాని పీడీఎఫ్‌ను తీసేయడం మామూలు. ఆ పీడీఎఫ్‌ను అనుమతి లేకుండా మీ రిపోలో (ప్రాజెక్టు ఫైళ్లు ఉంచే చోట) పెట్టుకోవడానికి కాపీరైటు ఒప్పుకోదు. ఏ తీగ ఎక్కడ కలపాలి, ఏ ద్రావణంలో ముంచి ఎంతసేపు ఉంచాలి అన్న వాస్తవాలను మీరు సొంతంగా రాసుకోవడానికి అడ్డులేదు. రాశాక ఆధారంగా ఆ పీడీఎఫ్ పేరు, మోడల్ సంఖ్య, కూర్పు సంఖ్య, ప్రచురణ తేదీ, మీరు చూసిన తేదీ ఇవ్వండి. లింకు రేపు పోయినా ఆ వివరాలతో వెతికి పట్టుకోవచ్చు. “ఇక్కడ నొక్కండి” అని మాత్రమే రాసి ఉంటే ఆ లింకు పోయిన రోజున అది దేనికి వెళ్లేదో రాసినవారికి కూడా గుర్తుండదు.

వెబ్ పేజీల పాత ప్రతులను దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్ గురించి కూడా అడిగారు. అది 2001 నుంచి అందరికీ అందుబాటులో ఉన్న గొప్ప సేవ, దానికి మనమంతా రుణపడి ఉన్నాం. ముఖ్యమైన లింకును చేర్చే రోజునే ఆ పేజీని అక్కడ భద్రపరిచే అలవాటు చేసుకోండి. పోయాక వెతికితే దొరకవచ్చు, దొరకకపోనూ వచ్చు. అక్కడి చిరునామాలో ఏడాది నుంచి సెకను వరకు 14 అంకెల తేదీ ఉంటుంది కాబట్టి మీరు చూసిన రూపమే పాఠకుడూ చూస్తాడు. అయితే 2024 అక్టోబరులో ఆ సంస్థ మీద దాడి జరిగి కొన్ని రోజులు సేవలు ఆగిపోయాయి. అందువల్ల అసలు చిరునామాను చెరిపి దాని స్థానంలో ఆర్కైవ్ చిరునామా ఒక్కటే పెట్టకుండా రెండూ ఉంచండి. పోయిన సోర్స్ కోడ్ కోసమైతే ముందు సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ అనే కోడ్ భాండాగారంలో వెతకండి.

కోడ్‌లోని ఫలానా వరుసకు లింకు ఇచ్చేటప్పుడు బ్రాంచ్ (ఎప్పటికప్పుడు మారే కోడ్ శాఖ) పేరున్న చిరునామా ఇవ్వకండి. పైన ఎవరైనా రెండు వరుసలు చేర్చగానే అది వేరే చోటికి చూపుతుంది. గిట్‌హబ్‌లో ఆ ఫైలు తెరిచి కీబోర్డు మీద వై అక్షరం నొక్కితే చిరునామా కమిట్ సంఖ్యతో మారి స్థిరపడుతుంది. చిరునామాలను కుదించే సేవలను డాక్యుమెంటేషన్‌లో ఎప్పుడూ వాడకండి, అసలు గమ్యం ఏమిటో ఆ సేవ మూతపడిన రోజున ఎవరికీ తెలియదు. ఉదాహరణ కోసం చిరునామా కావలసివస్తే అందుకోసమే 1999లో కేటాయించిన ఎగ్జాంపుల్ డాట్ కామ్ ఉంది, ఊహించి రాసిన పేరును రేపు ఎవరైనా కొనుక్కోవచ్చు. రెండు భాషల పేజీలున్న మీలాంటివారికి మరొక ఇబ్బంది ఉంది: ఇంగ్లీషు పేజీలో లింకు మారుస్తారు, తెలుగు పేజీలో మరచిపోతారు. మార్క్‌డౌన్‌లో (మీ పేజీలు రాసే సాదా పాఠ్య పద్ధతిలో) పేరుతో లింకు ఇచ్చి, ఆ పేర్ల చిరునామాలన్నీ ఒకే ఫైలులో ఉంచండి. స్నిప్పెట్స్ ఎక్స్‌టెన్షన్‌తో ఆ ఫైలును ప్రతి పేజీ చివర తనంతట తానే చేరేలా చేయవచ్చు. అప్పుడు ఒక్కచోట దిద్దితే రెండు భాషలలోనూ దిద్దినట్టే.

ఇప్పుడు తెలుగు పేజీలకు ప్రత్యేకమైన సంగతి. దీని గురించి ఇంగ్లీషు మార్గదర్శకాలలో సాధారణంగా కనిపించదు కనుక కొంచెం నిదానంగా చదవండి. ఎంకేడాక్స్ వాడే పైథాన్ మార్క్‌డౌన్, ప్రతి శీర్షిక నుంచి ఒక యాంకర్ (పేజీలోని ఆ భాగానికే నేరుగా తీసుకెళ్లే గుర్తు) తయారుచేస్తుంది. విడిగా చెప్పకపోతే అది లాటిన్ అక్షరాలు కానివన్నీ పారేస్తుంది. పూర్తిగా తెలుగులో ఉన్న శీర్షికలో అప్పుడు ఏమీ మిగలదు కాబట్టి కింది గీత పక్కన 1, 2, 3 అని వరుస సంఖ్యలు ఇస్తుంది. మీ తెలుగు పేజీలో “సెన్సర్ సరిచూడడం” మూడవ శీర్షిక అయితే దాని యాంకర్ 3. రేపు మీరు పైన “బ్యాటరీ మార్చడం” అని కొత్త భాగం చేరిస్తే సరిచూడడం 4 అవుతుంది, పాత లింకులన్నీ దాని ముందున్న భాగానికి వెళతాయి. ఏదీ తెగలేదు కాబట్టి చెకర్ ఆకుపచ్చగానే చూపుతుంది, పాఠకుడు మాత్రం తప్పు చోట దిగుతాడు. మీ తెలుగు పేజీలలో ఇది ఇప్పటికే జరిగి ఉంటుందని నా అనుమానం. దయచేసి ముందుగా చూడండి.

దీనికి రెండు దారులున్నాయి. యూనికోడ్ అక్షరాలను ఉంచే పద్ధతిని సెట్టింగులలో ఎంచుకుంటే యాంకర్ తెలుగులోనే ఉంటుంది. చూడడానికి బాగుంటుంది కాని చిక్కులున్నాయి. అక్షరాలను కంప్యూటరులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరసంకేతం మూడు బైట్లు, చిరునామాగా కాపీ చేస్తే ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది. “గోదావరి” అన్న పదంలో గుణింతపు గుర్తులతో కలిపి ఏడు సంకేతాలున్నాయి, అంటే చిరునామాలో 63 అక్షరాలు. దానిని ఫోనులో చెప్పలేం, కాగితం మీద అచ్చువేయలేం. అంతకన్నా మోసగించేది జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనబడని గుర్తు. “సెన్సర్” అన్న పదం చివర కొన్ని కీబోర్డులు దానిని చేరుస్తాయి, కొన్ని చేర్చవు. రెండు పదాలూ తెర మీద ఒకేలా కనిపిస్తాయి కాని యంత్రానికి వేర్వేరు. ఈ ఒక్క గుర్తు కోసం నేను ఒక రాత్రంతా వెతికాను. అందువల్ల ఇప్పుడు రెండవ దారినే పాటిస్తున్నాను: శీర్షిక చక్కటి తెలుగులో ఉంటుంది, దాని పక్కన యాంకర్‌ను చిన్న లాటిన్ అక్షరాలలో చేత్తో రాసి ఇస్తాను. శీర్షికలోని తెలుగును తరువాత ఎన్నిసార్లు మెరుగుపరచినా లింకు కదలదు. ఇంగ్లీషు పేజీలోనూ అదే యాంకర్ పెడితే భాష మార్చుకున్న పాఠకుడు అదే భాగంలో దిగుతాడు.

పేజీలను కొత్త ఫోల్డర్లలోకి సర్దడం గురించి. ఇతరుల లింకులు తెగితే మీ పేజీలో మీకు కనిపిస్తాయి. మీరు మీ చిరునామాలు మారిస్తే తెగేవి ఇతరుల పేజీలలో, వాట్సాప్ గ్రూపులలో, మేతల దుకాణం గోడ మీద అంటించిన కాగితంలో. అవి మీ చెకర్‌కు ఎన్నటికీ కనబడవు. వెబ్‌ను రూపొందించిన టిమ్ బెర్నర్స్-లీ మంచి చిరునామాలు మారవని 1998లోనే రాశారు. పక్కపట్టీలో వరుస మార్చడమే మీ ఉద్దేశమైతే ఫైళ్లను కదపకుండా ఎంకేడాక్స్ సెట్టింగులలోనే ఆ పని చేయవచ్చు, దయచేసి అలాగే చేయండి. కదపక తప్పకపోతే ప్రతి పాత చిరునామాకూ దారి మళ్లింపు ఉండాలి. గిట్‌హబ్ పేజెస్‌లో సర్వర్ స్థాయిలో 301 (శాశ్వత మళ్లింపు) ఇచ్చే వీలు లేదు. ఎంకేడాక్స్ రీడైరెక్ట్స్ ప్లగిన్, పాత చిరునామాలో కొత్తదానికి పంపే చిన్న పేజీని తయారుచేస్తుంది, మీకు అది చాలు. రిపో పేరు మార్చాలనే ఆలోచన ఉంటే ఇంకొకటి గుర్తుంచుకోండి: పాత రిపో చిరునామాను గిట్‌హబ్ మళ్లిస్తుంది కాని, ఆ రిపో పేజెస్ సైటును మళ్లించదు.

ప్రోగ్రాము లోపలి సందేశాలలో ఉన్న లింకులు ఇంకా సున్నితమైనవి. చెరువు గట్టు మీద షెడ్డులో బిగించిన పరికరాన్ని మూడేళ్లయినా ఎవరూ అప్‌డేట్ చేయరు. అందులో చూపే చిరునామా మీరు విడుదల చేసిన రోజున ఏమిటో అదే ఉంటుంది. అలాంటి సందేశాలలో పేజీ అసలు చిరునామా పెట్టకుండా, ఒక్కో లోపానికి ఒక సంఖ్య ఇచ్చి ఆ సంఖ్యతో చిన్న చిరునామా పెట్టండి, అది నేటి సరైన పేజీకి మళ్లించాలి. పేజీ ఎన్నిసార్లు మారినా ఆ మళ్లింపును ఒక్కచోట దిద్దుకోవచ్చు. సొంత డొమైను కొనాలా అంటే, ఏటా రుసుము కట్టే బాధ్యతను, పాస్‌వర్డును కనీసం ఇద్దరు పంచుకోగలిగితేనే కొనండి. చదువు అయ్యాక మీరిద్దరూ ఏ ఊళ్లో ఉంటారో ఇప్పుడు చెప్పలేరు కదా. నమ్మకం లేకపోతే గిట్‌హబ్ ఇచ్చిన చిరునామాలోనే ఉండడం పాఠకులకు క్షేమం.

రోజువారీ పనికి వస్తే, లోపలి లింకులనూ బయటి లింకులనూ ఎన్నడూ ఒకే పరీక్షలో కలపకండి. లోపలివి పూర్తిగా మన చేతిలో ఉన్నవి కనుక ప్రతి పుల్ రిక్వెస్టుకూ (చేర్చమని ఎవరైనా పంపిన మార్పుకూ) చూడాలి, తెగితే బిల్డ్ (సైటు తయారీ) ఆగిపోవాలి. ఎంకేడాక్స్‌లో స్ట్రిక్ట్ పద్ధతి అందుకే ఉంది. అయితే 1.6లో వచ్చిన యాంకర్ల పరిశీలన మామూలుగా సమాచారం మాత్రమే ఇస్తుంది, దానిని సెట్టింగులలో హెచ్చరిక స్థాయికి పెంచితేనే బిల్డ్ ఆగుతుంది. బయటివాటిని వారానికి ఒకసారి లైచీ వంటి చెకర్‌తో విడిగా నడిపి, ఫలితం ఒకే ఇష్యూలో (చేయవలసిన పని రాసుకునే చీటీలో) చేరేలా పెట్టండి. బయటి సర్వర్ ఆ పూట నిద్రపోయిందని కొత్తగా వచ్చిన కంట్రిబ్యూటర్ మొదటి మార్పును ఆపడం అన్యాయం. అలా ఆగిపోయినవారు మళ్లీ తిరిగి రాకపోవడం నేను చూశాను. వరుసగా రెండు మూడు వారాలు ఎర్రగా వస్తేనే ఆ లింకును చేతిలోకి తీసుకోండి.

మా కాలువ మీద లస్కరు గట్టు వెంట నడుస్తూ ఏ తూము దగ్గర గుర్రపుడెక్క అడ్డుపడిందో చూసుకుంటాడు. శివారు రైతుకు నీరు అందేది ఆ నడక వల్ల. మీ ప్రాజెక్టులో ఆ నడక నడిచే మనిషి ఎవరో పేరుతో రాసిపెట్టండి, మూడు నెలలకొకసారి మార్చుకోండి. “అందరం చూసుకుందాం” అని ఊరుకుంటే ఆ ఇష్యూను తెరిచేవారుండరు. పెద్ద మరమ్మతులు వేసవిలో కాలువలు కట్టేశాక చేసినట్టే, మొత్తం జాబితాను ప్రతి విడుదలకు ముందు ఒక వారం కొత్త మార్పులు ఆపి పరిశీలించడం మా ప్రాజెక్టులలో బాగా పనిచేసింది.

మీరు జతచేసిన జాబితాలో డీఓ సెన్సర్ పీడీఎఫ్‌లు రెండు ఉన్నాయి. అందులో మొదటి మోడల్‌ను మేము కూడా కొంతకాలం వాడాము, దాని అచ్చు ప్రతి నా దగ్గర ఇంకా ఉంది. కూర్పు సంఖ్య, తేదీ, సరిచూసే విధానంలోని మెట్లు ఈ ఆదివారం ఇక్కడే రాస్తాను. మీ దగ్గరున్న సెన్సర్ మీద చేసి చూసి, అంకెలు సరిపోతేనే మీ పేజీలో పెట్టండి. రెండవ మోడల్ మాత్రం నేను ఎన్నడూ వాడలేదు. అది అమ్మిన దుకాణంలో పెట్టెతోపాటు వచ్చిన కాగితం ఎవరైనా దాచారేమో అడగండి.